సీనియర్ కళ్లు నెల్లూరులో, జూనియర్ చేతులు ఉదయగిరిలో: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో ఒకరికి జవాబిస్తా, దూరం ఆసుపత్రుల్లో డ్యూటీ చేసే పీజీ డాక్టర్లకి (ఎంబీబీఎస్ అయ్యాక స్పెషలిస్టు చదువు చదివేవాళ్లు) కెమెరా ఉన్న స్మార్ట్ కళ్లద్దాలు పెడితే మెడికల్ కాలేజీలో కూర్చున్న సీనియర్ వాళ్లు చూసేదే తనూ చూస్తా చెవిలో సలహా చెప్పొచ్చని రెండు ముక్కలు రాశాను. దాని మీద నెల్లూరు, ప్రకాశం రెండు జిల్లాల నుంచీ ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలా. తల్లిదండ్రులు రాశారు, పీజీలు రాశారు, నర్సమ్మలు రాశారు, చివరికి ఇంజినీరింగ్ పిల్లలు కూడా. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇస్తున్నా. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేశాను.

కావలి నుంచి ఒక తల్లి: మేడమ్, మా అమ్మాయి నెల్లూరులో జనరల్ మెడిసిన్ పీజీ సెకండియర్. మూడు నెలలు జిల్లాలో వేరే ఆసుపత్రికి వేస్తారంట. రాత్రిళ్లు పెద్ద డాక్టర్లు లేకపోతే పిల్ల ఒక్కతే ఏం చేస్తుందని నాకు నిద్ర పట్టడం లేదు. మీరు రాసిన ఆ కళ్లద్దాలు ఎట్టా ఉంటాయి, నిజంగా ఎక్కడన్నా వాడారా?

అమ్మా, ముందు మీ భయం సంగతి. ఆ మూడు నెలల పోస్టింగ్‌ని డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ ప్రోగ్రామ్ అంటారు, 2020లో తెచ్చారు, ఎండీ ఎమ్మెస్ చేసేవాళ్లు మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఎప్పుడో ఒకప్పుడు చేసి తీరాలి, అది సరిగ్గా పూర్తి చేస్తేనే ఫైనల్ పరీక్ష. అక్కడ పీజీ పని చేసేది ఆ ఆసుపత్రి స్పెషలిస్టుల కిందే, దానికో కోఆర్డినేటర్ కూడా ఉంటారు, పిల్లని ఒంటరిగా వదిలేయమని రూల్‌లో ఎక్కడా లేదు. కాకపోతే రాత్రి రెండు గంటలకి ఆ స్పెషలిస్టు ఇంట్లో ఆన్ కాల్‌లో ఉంటారు, ఫోన్ చేస్తే వస్తారు, ఆయన వచ్చేలోపు జరిగేదంతా మీ అమ్మాయి చేతుల్లోనే. ఆ మధ్య టైం కోసమే ఈ కళ్లద్దాల ఆలోచన.

చూడ్డానికి మామూలు కళ్లజోడు ఫ్రేమ్‌లాగే ఉంటది, కొన్ని మోడల్స్ అయితే తలకి బెల్టులా పెట్టుకుంటారు. కణత దగ్గర చిన్న కెమెరా, మైకు, చెవి దగ్గర స్పీకర్, ఒక కంటి ముందు గోరంత స్క్రీన్. 2013లో గూగుల్ గ్లాస్ అని 1500 డాలర్లకి వదిలారు చూడండి, అక్కడ మొదలైంది ఈ కథ. ఆ ఏడాది జూన్‌లోనే అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రంలో డాక్టర్ రఫేల్ గ్రాస్‌మన్ అది పెట్టుకుని ఆపరేషన్ చేశారు, మన పక్కనే చెన్నైలో కూడా అదే ఏడాది ఒక సర్జన్ పెట్టుకుని చేశారు. 2014లో లండన్‌లో డాక్టర్ షఫీ అహ్మద్ అయితే తను చేసే క్యాన్సర్ ఆపరేషన్‌ని 13,000 మందికి పైగా స్టూడెంట్లకి లైవ్‌లో చూపించారు, వాళ్లు టైప్ చేసిన ప్రశ్నలు ఆయన కంటి ముందు స్క్రీన్ మీద పడుతుంటే ఆపరేషన్ చేస్తానే జవాబు చెప్పారు. కోవిడ్ వచ్చినప్పుడు 2020లో లండన్ ఇంపీరియల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఒక్క డాక్టర్ మాత్రం పీపీఈ కిట్ వేసుకుని, మైక్రోసాఫ్ట్ కంపెనీ హోలోలెన్స్ కళ్లద్దాలు పెట్టుకుని వార్డులోకి పోతే మిగతా టీమ్ అంతా వేరే రూంలో కూర్చుని రౌండ్స్ చూశారు. అంటే ఇదేం ఊహ కాదు, చేసి చూసిన పనే.

కానీ ఒక్కటి గుర్తు పెట్టుకోండమ్మా, గూగుల్ తన గ్లాస్ అమ్మకం 2023లో ఆపేసింది, మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ తయారీ 2024లో ఆపేసింది. రియల్‌వేర్, వ్యూజిక్స్ లాంటి కంపెనీలవి నడుస్తున్నాయి. ఏ ఆసుపత్రి అయినా కొనేముందు ఇంకో ఐదేళ్లకి ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్స్ ఇస్తదా అని అడక్కపోతే బీరువాలో పడేయాల్సి వస్తది. మీ అమ్మాయికి కళ్లద్దాలు ఇచ్చినా ఇవ్వకపోయినా, జాయిన్ అయిన మొదటి రోజే ఆన్ కాల్ స్పెషలిస్టు నంబరు, ఆయన ఎత్తకపోతే తర్వాత ఎవరికి చెయ్యాలో ఆ నంబరు, ఈ రెండూ రాయించుకోమనండి. ఈ రెండు నంబర్లు చేతిలో ఉంటే మీకు కూడా సగం భయం తగ్గుతది.

ఒంగోలు నుంచి ఒక పీజీ డాక్టర్: మేడమ్, వీడియో కాల్ అందరి ఫోన్‌లోనూ ఉంది కదా. దాంతో అయ్యే పనికి వేలకి వేలు పోసి కళ్లద్దాలు ఎందుకు? నిజంగా తేడా ఉందా, లేకపోతే ఫ్యాషనా?

మంచి ప్రశ్న బాబూ. కొంచెం వివరంగానే చెప్తా, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

నాట్ల టైంలో మన జిల్లాల్లో ఏ క్యాజువాలిటీలో కూర్చున్నా పాము కాటు కేసు తప్పదు. రాత్రి కింద పడుకున్న మనిషి, తెల్లారుజామున కడుపు నొప్పి అని లేచాడు, కాటు గుర్తు కనపడీ కనపడనట్టు ఉంది, రెప్పలు బరువుగా ఉన్నాయంటున్నాడు. కట్లపాము అని నీకు అనుమానం. ఇప్పుడు నీ రెండు చేతులకీ పని ఉంది. ఐవీ లైన్ పెట్టాలి, రక్తం తియ్యాలి, నాడి చూడాలి. ఫోన్ ఎవరు పట్టుకోవాలి? సిస్టర్ పట్టుకుంటే మందు ఎక్కించే మనిషి పోయింది, పేషంటు తమ్ముడు పట్టుకుంటే చెయ్యి వణికి సీలింగ్ ఫ్యాన్ కనిపిస్తది. కళ్లద్దాలైతే నువ్వు ఎటు తల తిప్పితే సీనియర్ అటు చూస్తారు. అక్కణ్ణుంచి ఆవిడ చెవిలో చెప్తది, పేషంటుని తల కదపకుండా పైకే చూస్తా ఉండమను, అట్టాగే ఒక నిమిషం ఉంచు అని. ఆ నిమిషంలో రెప్పలు మెల్లిగా వాలడం (దాన్నే టోసిస్ అంటారు) ఇద్దరూ ఒకేసారి చూస్తారు. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలడో పెట్టించమంటది, మెడ ఎత్తమంటది. ఫోన్‌లో మాటలతో 'కొంచెం టోసిస్ ఉన్నట్టుంది మేడమ్' అని నువ్వు చెప్పడం వేరు, ఆవిడ కళ్లారా చూడ్డం వేరు.

అట్టాగే రక్తం గడ్డకడుతోందో లేదో చూసే ఇరవై నిమిషాల క్లాటింగ్ టెస్ట్. పుస్తకంలో ఒక్క లైనే, చెయ్యడంలో తప్పులు బోలెడు. పొడిగా ఉన్న కొత్త గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం, కదపకుండా 20 నిమిషాలు, తర్వాత ఒక్కసారి వంచి చూడాలి. ప్లాస్టిక్ సిరంజిలోనే వదిలేసేవాళ్లు ఉండారు, సబ్బు పౌడర్‌తో కడిగిన పాత ట్యూబు వాడేవాళ్లు ఉండారు, ఐదో నిమిషంలోనే ఒకసారి వంచి చూసేవాళ్లు ఉండారు. రక్తపింజర కాటులో ఈ టెస్ట్ తప్పు చదివితే చికిత్స దారే మారిపోతది. పక్కన సీనియర్ కళ్లు ఉంటే ఆ ట్యూబు చేతిలోకి తీసుకున్నప్పుడే 'అది వద్దు, కొత్తది తియ్యి' అంటారు. పాము విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వెనమ్ 8 నుంచి 10 వయల్స్ మొదలుపెట్టే ముందు, రియాక్షన్ వస్తే ఇచ్చే అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి ట్రేలో పెట్టావా అని అడుగుతారు, నువ్వు ట్రే వైపు చూస్తే చాలు, ఆవిడకి కనపడతది. ఈ ఒక్క కేసు చాలు నాకు, కళ్లద్దాలు ఫ్యాషన్ కాదని చెప్పడానికి.

ఇక అవి చెయ్యలేనివి కూడా విను, ఇది ఇంకా ముఖ్యం. చేతి స్పర్శ కెమెరాలో పోదు. పొట్ట గట్టిగా ఉందా మెత్తగా ఉందా, లివర్ అంచు తగులుతోందా, ఛాతీలో ట్యూబు వేసేటప్పుడు ప్లూరా, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర, దాటిన ఆ ఫీలింగ్ వచ్చిందా, ఇవి నీ వేళ్లకి మాత్రమే తెలుస్తాయి. ఒకే కెమెరా కాబట్టి లోతు కూడా తెలియదు, సూది ఎంత లోపలికి పోయిందో అవతలి మనిషికి అంచనా రాదు. పైగా మనం చేతి పని చేసేటప్పుడు తల వంచం, కళ్లు మాత్రమే కిందకి దించుతాం, కెమెరా మాత్రం ముక్కుకి సూటిగా గోడని చూస్తా ఉంటది, అందుకని తల కావాలని వంచడం అలవాటు చేసుకోవాలి, మొదట్లో మెడ నొప్పి పుడతది. ఆపరేషన్ థియేటర్ లైటు కింద గాయం మొత్తం తెల్లగా మెరిసిపోయి రంగే తెలియదు. నువ్వు తల గబగబా తిప్పితే అవతల చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. కాబట్టి నీ చేత్తో అంతకుముందు సీనియర్ పక్కనుండగా బాగా చేసిన ప్రొసీజర్‌కే దూరం నుంచి చూసే సాయం తీసుకో. జీవితంలో మొదటి సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) కళ్లద్దాల భరోసాతో వెయ్యడానికి ఒప్పుకోవద్దు, ఎవరు చెప్పినా సరే.

ఉదయగిరి వైపు నుంచి ఒక స్టాఫ్ నర్సు: అమ్మా, కెమెరా పెట్టుకుని వార్డులోకి వస్తే ఆడ పేషంట్లు భయపడతారు. మా ఇళ్లల్లో వాళ్లకే ఇది నచ్చదు. వీడియో ఎక్కడికి పోతుందో మాకేం తెలుసు? మేం ఏం చెప్పాలి వాళ్లకి?

మీరు అడిగింది నూటికి నూరుపాళ్లు న్యాయం సిస్టర్, ఈ విషయంలో డాక్టర్ల కంటే మీ మాటకే విలువ ఎక్కువ ఇవ్వాలని నేను ఎప్పుడూ అంటాను, పేషంటు పక్కన రాత్రంతా ఉండేది మీరే కాబట్టి.

పేషంటుకి ముందే చెప్పాలి, వాళ్ల భాషలో చెప్పాలి. 'పెద్దమ్మా, ఈ కళ్లద్దాల్లో కెమెరా ఉండాది, నెల్లూరులో పెద్ద డాక్టరమ్మ దీంట్లోంచి నిన్ను చూసి మాకు సలహా చెప్తది, ఇది రికార్డు కాదు, నీకు ఇష్టం లేకపోతే తీసేస్తాం, అట్టా తీసేసినా వైద్యం ఆగదు.' ఇంతే. వద్దంటే తీసి డబ్బాలో పెట్టెయ్యాలి, మొహం చిట్లించకూడదు. మనిషి స్పృహలో లేకపోతే పక్కనున్న ఇంటివాళ్లని అడగాలి. ఒప్పుకున్న సంగతి కేస్ షీట్‌లో టైంతో సహా రాయాలి. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ గైడ్‌లైన్స్‌లో కూడా ఉంది, పేషంటు తనంతట తను మొదలుపెట్టకుండా మన వైపు నుంచి మొదలుపెడితే స్పష్టంగా అడిగి ఒప్పుకోలు తీసుకోవాలని. పేషంటు ఎవరో గుర్తుపట్టేలా ఫోటోలు వాళ్ల అనుమతి లేకుండా ప్రచురించకూడదని 2002 నాటి డాక్టర్ల నియమావళిలోనే ఉంది, 2023లో డిజిటల్ పర్సనల్ డేటా చట్టం కూడా వచ్చింది.

ఇంకో సంగతి, దీని మీద గట్టిగా చెప్తున్నా. రే-బాన్ మెటా కళ్లద్దాలు 2025లో మన దేశంలో కూడా అమ్మకానికి వచ్చాయి, అప్పట్లో 30 వేల దగ్గర మొదలు, పిల్లలు కొంటున్నారు. అవి సొంత ఫోన్‌కి, సోషల్ మీడియాకి ముడిపడి ఉంటాయి. వాటితో పేషంటుని చూపించడం వద్దే వద్దు. ఆసుపత్రి సొంత పరికరం, ఆసుపత్రి సొంత అకౌంటు, చూసేది ఎవరో పేరుతో సహా తెలియాలి, అప్పుడే ఒప్పుకోండి. కాన్పు గదిలో, బట్టలు తీసి పరీక్ష చేసేచోట అవసరమైన భాగం వరకే తెరిచి మిగతాది దుప్పటి కప్పండి, చూసే సీనియర్ పక్కన ఇంకెవరన్నా ఉంటే వాళ్ల పేరు కూడా చెప్పించండి. డ్యూటీ రూంలోకి, టీ తాగే చోటికి కళ్లద్దాలు పెట్టుకుని వచ్చిన డాక్టర్ని మీరు ఆపొచ్చు, అది మీ హక్కు.

నెల్లూరు నుంచి ఒక అసోసియేట్ ప్రొఫెసర్: మేడమ్, ఓపీ, వార్డు, క్లాసులు, థీసిస్‌లు, వీటికే టైం లేదు. ఇప్పుడు రాత్రిళ్లు స్క్రీన్ ముందు కూడా మేమే కూర్చోవాలా? తేడా వస్తే బాధ్యత ఎవరిది?

మీ బాధ నాకు తెలుసు, నేనూ ఆ కుర్చీలోనే పనిచేసి వచ్చా. అందుకే చెప్తున్నా, ఈ మొత్తం వ్యవహారంలో ఖరీదైంది కళ్లద్దాలు కాదు, మీ టైం. కళ్లద్దాల అవతల ఒక పేరున్న మనిషి, ఆ గంటల్లో వేరే పని లేకుండా, రోస్టర్‌లో రాసి పెట్టి ఉండాలి. ఓపీలో పేషంటుని చూస్తా ఒక కంటితో స్క్రీన్ చూస్తానంటే అది సూపర్‌విజన్ కాదు. అట్టాంటి డ్యూటీ చేసిన మర్నాడు ఉదయం సెలవు ఇవ్వాలి. మీ కాలేజీ దీనికి ఒప్పుకోకుండా కళ్లద్దాలు మాత్రం కొంటానంటే వద్దని చెప్పండి, నా సలహా అదే. ఇంకా భయం ఏందంటే, కళ్లద్దాలు ఉన్నాయి కదా అని చిన్న ఆసుపత్రుల్లో ఖాళీగా ఉన్న స్పెషలిస్టు పోస్టులు నింపడం మానేస్తారేమో అని. దాని మీద కూడా మనలాంటి వాళ్లమే మాట్లాడాలి.

బాధ్యత సంగతికొస్తే, అదే 2020 గైడ్‌లైన్స్‌లో ఒక డాక్టర్ ఇంకో డాక్టర్ని సలహా అడిగితే, అడిగిన డాక్టరే ఆ పేషంటుకి వైద్యం చేసే డాక్టర్, బాధ్యత తనదే అని ఉంది. పీజీ అంటే ఎంబీబీఎస్ రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరే కదా, అంటే ఆ వాక్యం పట్టుకుంటే భారమంతా ఆ పిల్లోడి నెత్తిన పడే ప్రమాదం ఉంది. ట్రైనింగ్‌లో ఉన్న పిల్లల మీద అట్టా పడేయడం నాకు అస్సలు సమ్మతం కాదు. అందుకని కాలేజీ, ఆ ఆసుపత్రి ముందే కూర్చుని కాగితం మీద రాసుకోవాలి, ఏ పనికి ఎవరు బాధ్యులు, స్థానిక స్పెషలిస్టుని ఎప్పుడు రప్పించాలి, ఎప్పుడు 108 పిలవాలి అని.

ఏ పీజీకి ఎంత స్వేచ్ఛ ఇవ్వాలనే దానికి మీకు తెలిసిన దారే ఉంది. నెదర్లాండ్స్‌కి చెందిన వైద్య విద్య ప్రొఫెసర్ ఓలె టెన్ కేట్ చెప్పిన ఐదు మెట్ల పద్ధతి, చూడ్డం మాత్రమే, పక్కన మనిషి ఉండగా చెయ్యడం, పిలిస్తే వచ్చేంత దూరంలో మనిషి ఉండగా చెయ్యడం, సొంతంగా చెయ్యడం, చివరికి వేరేవాళ్లకి నేర్పడం. కళ్లద్దాలు ఆ రెండో మెట్టుకీ మూడో మెట్టుకీ మధ్య పనికొస్తాయి. మొదటి మెట్టు మీదున్న వాళ్లకి వాడితే పేషంటుకి ప్రమాదం. నాలుగో మెట్టు ఎక్కిన వాళ్లకి వాడితే వాళ్లకి ఎదుగుదల ఉండదు, ప్రతిదానికీ చెవిలో గొంతు కోసం చూస్తా ఉంటారు.

చూసేటప్పుడు దయచేసి తక్కువ మాట్లాడండి. సూది గుచ్చుతుంటే చెవిలో లెక్చర్ వద్దు. 'ఆగు' అన్న ఒక్క మాటకి చెయ్యి ఆగిపోవాలని ఇద్దరూ ముందే అనుకోవాలి, మిగతా ముచ్చట అంతా పని అయ్యాక పది నిమిషాలు. పేషంటు ముందు తిట్టొద్దు, స్పీకర్ గొంతు బయటికి వినపడతది, ఆ పీజీ రేపు కూడా అదే వార్డులో పనిచెయ్యాలి.

ఒంగోలు నుంచి ఇంజినీరింగ్ స్టూడెంట్స్ ఇద్దరు: తక్కువ ఖర్చుతో మేమే ఇట్టాంటిది తయారు చేద్దామనుకుంటున్నాం. ఏం చూసుకోవాలి మేడమ్?

చెయ్యండి నాయనా, సంతోషం. ముందు ఒక రాత్రి పర్మిషన్ తీసుకుని కెమెరా లేకుండా ఊరికే ఒక క్యాజువాలిటీలో కూర్చోండి. మానిటర్ల మోత, అటెండర్ల కేకలు, ఇంటివాళ్ల ఏడుపులు, వీటి మధ్యలో వాయిస్ కమాండ్ పనిచెయ్యాలి, గ్లవ్స్ వేసుకున్న చేత్తో బటన్ నొక్కలేరు కదా. డౌన్‌లోడ్ స్పీడ్ కాదు, అప్‌లోడ్ స్పీడ్ చూడండి, ఉదయగిరి కొండల వైపు, నల్లమల అంచు ఊళ్లల్లో సిగ్నల్ వస్తా పోతా ఉంటది. వీడియో ఆగినా మాట మాత్రం తెగకూడదు, బొమ్మ స్తంభించిపోతే ఇద్దరికీ వెంటనే తెలియాలి, లేకపోతే పది సెకన్ల కిందటి బొమ్మ చూసి సీనియర్ ఇప్పటి సలహా ఇస్తారు, అది ప్రాణం మీదకొస్తది. స్ట్రీమింగ్‌లో బ్యాటరీ గబగబా అయిపోయి కణత దగ్గర వేడెక్కుతది, కాబట్టి బ్యాటరీ నడుముకి పెట్టి వైరు లాగండి. పవర్ అద్దాలు ఉన్నవాళ్లు కూడా పెట్టుకోగలగాలి. మాస్క్ వేసుకుంటే ఆవిరి పడతది. స్పిరిట్‌తో తుడిచినా పాడవకూడదు. రికార్డింగ్ మామూలుగా ఆఫ్‌లోనే ఉండాలి, ఆన్ చేస్తే ఎర్ర లైటు పేషంటుకి కనపడేలా వెలగాలి.

నెల్లూరు నుంచి ఇంకో పీజీ: కళ్లద్దాలతో పాటు స్మార్ట్ వాచ్‌లు కూడా ఇచ్చి మేం ఎక్కడున్నామో, ఎంతసేపు పడుకున్నామో చూస్తారని అంటున్నారు. నేర్పడానికా, కాపలాకా?

తల్లీ, చూసేది నేర్పడానికా పట్టుకోడానికా అన్నది ఆ డేటా ఎవరి చేతికి పోతుందనే దాన్ని బట్టి ఉంటది. నిద్ర లెక్క నీకు, నీకు నచ్చిన ఒక సీనియర్‌కి కనపడితే మంచిదే, 30 గంటలు మెలకువగా ఉన్న మనిషి ఇన్సులిన్ డోసు రాయకూడదు. రెసిడెంట్లకి, అంటే మీలాంటి పీజీలకి, వారానికి 74 గంటలు దాటొద్దు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి అని 2024లో నేషనల్ మెడికల్ కమిషన్ టాస్క్‌ఫోర్స్ సిఫార్సు చేసింది. వాచ్‌లో లెక్క 74 దాటితే నిన్ను ఇంటికి పంపించే ఏర్పాటు ఉందా అని అడుగు. ఉందంటే పెట్టుకో. అదే లెక్కని అటెండెన్స్‌కి, ఇంటర్నల్ మార్కులకి ముడిపెడతామంటే మీ పీజీలంతా కలిసి రాతపూర్వకంగా వద్దని చెప్పండి.

కందుకూరు నుంచి ఒక హౌస్ సర్జన్: నేను ఇంటర్నీని. పీజీ అన్న లేడు, నన్నే కళ్లద్దాలు పెట్టుకుని లంబార్ పంక్చర్ (నడుము దగ్గర వెన్నులో సూది గుచ్చి నీరు తియ్యడం) చెయ్యమంటే చెయ్యొచ్చా?

వద్దు. ఎంబీబీఎస్ చదువు చివర చేసే ఇంటర్న్‌షిప్ 12 నెలలూ నీది తాత్కాలిక రిజిస్ట్రేషన్, నువ్వు చేసే పని ఒక డాక్టర్ పర్యవేక్షణలోనే జరగాలి. నువ్వు కళ్లద్దాలు పెట్టుకోవచ్చు, కేసు ప్రెజెంట్ చెయ్యొచ్చు, పరీక్ష చేసి చూపించొచ్చు, నేర్చుకోవచ్చు. సూది పట్టుకునేటప్పుడు మాత్రం మనిషి గదిలో ఉండాలి. అట్టా ఒత్తిడి చేస్తే 'సార్, మీరు వచ్చేదాకా పేషంటుని రెడీ చేసి ఉంచుతాను' అని మర్యాదగా చెప్పి, పిలిచిన టైం, ఎవరిని పిలిచావో కేస్ షీట్‌లో రాసి పెట్టు.